నాన్‌ఖ్వాహ్ నుంచి వాము దాకా: ఒక వంటింటి గింజ వైద్య చరిత్ర

సంక్రాంతి దినాలలో నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలలో ఏ వాడకు పోయినా సకినాల పిండిలో నువ్వులతో పాటు కలిపే వాము వాసన వస్తుంది. మన ఇళ్ళలో అదే గింజ అజ్వాయన్ అనే పేరుతో పరాఠా పిండిలోనికి, బాలింతకు కాచి ఇచ్చే అచ్వానీలోనికి పోతుంది. కడుపు ఉబ్బరించిన పసివాడికి వాము కాచిన నీళ్ళు పట్టని తల్లి, హిందువుల ఇంట గాని ముస్లిముల ఇంట గాని, ఈ మెట్ట ప్రాంతంలో అరుదు. తుంగభద్ర దాటి ఆవలి ఒడ్డుకు పోతే కర్నూలు ప్రాంతపు రైతులు దీనిని పంటగానే పండిస్తారు. కర్నూలు మార్కెట్ యార్డులో ఇది బస్తాల లెక్కన అమ్ముడవుతుంది.

ఈ గింజలో సూక్ష్మక్రిములను చంపే గుణం ఉన్నదని ఆధునిక విజ్ఞానశాస్త్రం చెబుతున్నది. అది మన పూర్వ హకీములకు ఎన్నడో తెలిసిన సంగతేనని మన సభలలో, మన పత్రికలలో తరచు వినిపించే మాట. వీటిలో మొదటి మాట నిజం. రెండవది ఎంతవరకు నిజమో, ఎక్కడ నిజం కాకుండా పోతుందో పరిశీలించడమే ఈ వ్యాస ఉద్దేశం. పూర్వుల పట్ల గౌరవం వారు అన్న మాటను అన్నంతవరకే చెప్పడంలో ఉన్నది. వారు అనని మాటను వారి నోట పెట్టడం గౌరవం కాదు.

పేర్ల ప్రయాణం

వాము, ఓమము అన్నవి మన తెలుగు పేర్లు. సంస్కృత వైద్య గ్రంథాలలో దీనికి యవాని, దీప్యకము అనే పేర్లు కలవు. యవాని అన్న మాటకు యవనులతో, అంటే గ్రీకులతో, సంబంధం ఉన్నదని పలువురు పండితుల అభిప్రాయం. ఉర్దూలో మనం వాడే అజ్వాయన్ ఆ యవాని నుంచి పుట్టినదే. పారసీకంలో దీని పేరు నాన్‌ఖ్వాహ్. నాన్ అంటే రొట్టె, ఖ్వాహ్ అంటే కోరేది. రొట్టెపై చల్లినా, రొట్టెకు ముందు నమిలినా ఆకలి పుట్టిస్తుంది గనుక ఆ పేరు వచ్చిందని చెబుతారు. అరబ్బు వైద్యులు ఆ పారసీక పదాన్నే తమ గ్రంథాలలోనికి తీసుకున్నారు.

గ్రీకు వైద్యుడు దియోస్కోరిదీస్ క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో రచించిన ఔషధ గ్రంథంలో అమ్మి అనే గింజ ఒకటి ఉన్నది. అరబ్బు వైద్యులు దానిని తమ నాన్‌ఖ్వాహ్‌గా గుర్తించారు. నేటి వృక్షశాస్త్రంలో వాము మొక్కకు ఉన్న పేరు ట్రాకిస్పెర్మమ్ అమ్మి. అంటే ఆ పాత గ్రీకు మాట ఇంకా దాని వెంట ఉన్నది. జీలకర్ర, ధనియాలు, సోంపు కూడా ఈ మొక్క కుటుంబానికే చెందినవి.

ఇన్ని పేర్లు ఏకరువు పెట్టడం పాండిత్య ప్రదర్శన కోసం కాదు. వైద్యంలో పేరు తప్పితే ప్రాణం పోతుంది. ఆ సంగతి ఈ వ్యాసకర్తకు గ్రంథాల వల్ల కంటే స్వానుభవం వల్ల ఎక్కువగా తెలిసింది. దానిని ముందు చెప్పగలను.

అనువాదకుల శ్రమ

బాగ్దాదులో అబ్బాసీ ఖలీఫా ముతవక్కిల్ కాలంలో (క్రీ.శ. 847–861) దియోస్కోరిదీస్ గ్రంథాన్ని ఇస్తిఫాన్ ఇబ్నె బాసిల్ గ్రీకు నుంచి అరబ్బీలోకి అనువదించాడు. ఆ అనువాదాన్ని సుప్రసిద్ధ అనువాదకుడు హునైన్ ఇబ్నె ఇస్‌హాఖ్ పరిశీలించి సవరించాడు. ఇద్దరూ క్రైస్తవులే, వారి శ్రమ ఫలం అనుభవించినది ఇస్లామీయ ప్రపంచమంతా. అరబ్బీ పేరు తెలిసిన మొక్కకు ఇస్తిఫాన్ అరబ్బీ పేరు పెట్టాడు. తెలియనిచోట ఊహించి వ్రాయలేదు; గ్రీకు పేరునే అరబ్బీ లిపిలో అట్లాగే ఉంచాడు. తరువాతి కాలంలో తెలిసినవారు ఎవరైనా ఆ లోటు పూరిస్తారని ఆయన ఆశ.

ఆ లోటును పూరించే ప్రయత్నం సుమారు నూరేళ్ళ తరువాత అందలుసులో జరిగింది. కుర్తుబా ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్‌కు బైజాంటియం చక్రవర్తి పంపిన కానుకలలో బొమ్మలతో కూడిన గ్రీకు దియోస్కోరిదీస్ ప్రతి ఒకటి వచ్చింది. దానిని చదవగలవారు కుర్తుబాలో లేరు. ఖలీఫా కోరికపై క్రీ.శ. 951లో నికొలస్ అనే సన్యాసి అక్కడికి వచ్చాడు. యూదు వైద్యుడు హస్దాయ్ ఇబ్నె షప్రూత్, ముస్లిం వైద్యులు, ఆ క్రైస్తవ సన్యాసి కలిసి కూర్చుని, బాగ్దాదు అనువాదంలో గ్రీకులోనే మిగిలిన పేర్లకు నిజమైన మొక్కలను వెదికారు. ఈ వృత్తాంతాన్ని మనకు అందించినది ఆ నగరపు వైద్యుడు ఇబ్నె జుల్‌జుల్.

అల్ బీరూనీ తన జీవిత చరమదశలో వ్రాసిన కితాబుస్ సైదనాలో ఒక్కొక్క ఔషధానికి అరబ్బీ, గ్రీకు, సిరియాక్, పారసీక, భారతీయ భాషల పేర్లను పక్కపక్కన చేర్చాడు. మన దేశంలో ఢిల్లీ హకీం షరీఫ్ ఖాన్ (మరణం 1807) భారతీయ ఔషధాల మీద తాలీఫె షరీఫీ రచించాడు. ఈ పరంపరలో ప్రతివాడూ తన ముందువాడి మాటను తిరిగి చెప్పడంతో ఆగలేదు. మొక్కతో పోల్చి చూశాడు. యునానీ వైద్యం ఇంతకాలం నిలవడానికి ఇది ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం.

ఉఫూనత్ అన్న మాట

ఇబ్నె సీనా (క్రీ.శ. 980–1037) తన అల్ ఖానూన్ రెండవ సంపుటంలో ఏడువందలకు పైగా ఒంటి ఔషధాలను అక్షరక్రమంలో వివరించాడు. నాన్‌ఖ్వాహ్ వాటిలో ఒకటి. యునానీ వైద్యుల లెక్కలో దీని ప్రకృతి ఉష్ణం, శుష్కం. మూడవ దర్జాకు చెందినది. కడుపులోని వాయువును హరించేది కనుక కాసిరె రియాహ్, జీర్ణం చేసేది కనుక హాజిమ్. తరువాతి యునానీ గ్రంథాలలో దీనికి మరొక విశేషణం కూడా చేర్చుతారు: దాఫె ఉఫూనత్. నేటి ఉర్దూ వైద్య రచనలలో ఈ మాటను యాంటీసెప్టిక్ అన్న ఇంగ్లీషు మాటకు సమానార్థకంగా వాడుతున్నారు. చిక్కు అంతా ఇక్కడనే మొదలవుతుంది.

పూర్వుల దృష్టిలో ఉఫూనత్ అంటే కుళ్ళు. శరీరంలోని దోషరసాలు, అనగా అఖ్లాత్, చెడి కుళ్ళడం. ఆ కుళ్ళుకు కారణం చెడుగాలి, అధికమైన తేమ, మితిమీరిన ఉష్ణం అని వారు భావించారు. బాగ్దాదులో ఆసుపత్రికి స్థలం నిర్ణయించమంటే రాజీ నగరంలో పలుచోట్ల మాంసపు ముక్కలు వ్రేలాడదీయించి, ఎక్కడ మాంసం ఆలస్యంగా కుళ్ళితే ఆ స్థలాన్ని ఎంపిక చేశాడన్న కథ ప్రసిద్ధం. ఆ కథలో చెప్పే అజుదీ ఆసుపత్రి, రాజీ మరణించిన (క్రీ.శ. 925) అర్ధశతాబ్దం తరువాత గాని తెరవబడలేదు. కనుక చరిత్రకారులు దానిని ఉన్నదున్నట్లు అంగీకరించరు. అయినా కుళ్ళును గురించి ఆ కాలపు వైద్యుల ఆలోచన ఎట్టిదో ఆ కథ చక్కగా తెలుపుతుంది.

కంటికి కనబడని జీవులే కుళ్ళుకు, పెక్కు వ్యాధులకు కారణమని వారికి తెలియదు. తెలిసే అవకాశమూ లేదు. బాక్టీరియాను లీవెన్‌హుక్ తన కటకం క్రింద మొదటిసారి చూసినది 1676లో. అవి వ్యాధులకు కారణమని పాశ్చర్, కోఖ్ రుజువు చేసినది 19వ శతాబ్దపు ఉత్తరార్ధంలో. కలరా క్రిమిని కోఖ్ వెదికి పట్టుకున్నది ఈజిప్టులోను, 1884లో మన కలకత్తాలోను. కనుక దాఫె ఉఫూనత్ అని ఉన్న ప్రతిచోటా బాక్టీరియా నాశిని అని అనువదించడం ఇబ్నె సీనాకు అన్యాయం చేయడమే. ఆ మహనీయుని గొప్పతనం ఆయన చూసిన దానిలో ఉన్నది: ఏ వస్తువు కుళ్ళును ఆపుతుందో, ఏది కడుపునొప్పిని తగ్గిస్తుందో ఆయన శ్రద్ధగా చూశాడు. కారణం మారింది, పరిశీలన నిలిచింది.

దక్కనులో యునానీ

మన ప్రాంతానికి వస్తే, ముహమ్మద్ ఖులీ ఖుతుబ్‌షా హైదరాబాదు నగరం వెలసిన కొద్ది ఏళ్ళకే 1595లో దారుష్షిఫాను నిర్మించాడు. అది ఆసుపత్రి, వైద్య పాఠశాల రెండూ. ఆ పేట నేటికీ అదే పేరుతో ఉన్నది. 1846లో హైదరాబాదులో పాశ్చాత్య వైద్య పాఠశాల ఏర్పడినప్పుడు అందులో బోధన ఉర్దూలో జరిగింది. 1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం దారుల్ తర్జుమా ఏర్పడి విజ్ఞానశాస్త్రాల గ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చింది. ఒక్కొక్క శాస్త్ర పదానికి ఉర్దూ మాట నిర్ణయించడానికి పండితుల సంఘాలు కూర్చుని వాదించుకునేవి. ఏడవ నిజాం కాలంలో చార్మినారు పక్కన నిజామియా యునానీ ఆసుపత్రి భవనం లేచింది. పాలమూరు, నల్లగొండ పల్లెల నుంచి రోగులు అక్కడికి పోయేవారు.

కాని జిల్లాలలోని సామాన్యుడు ఆసుపత్రిని చూసిన దానికంటే అత్తారు దుకాణాన్ని చూసినది ఎక్కువ. సంతకు వచ్చిన రైతు ఉప్పు, మిరపకాయలు కొన్న తరువాత అత్తారు వద్ద కరక్కాయ, సునాముఖి, వాము, వాము పువ్వు కొనుక్కుని పోయేవాడు. హైదరాబాదులో 1920లో హకీం ముహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ తయారు చేసిన జిందా తిలిస్మాత్ సీసా ఈ రెండు జిల్లాలలో తెలియని ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు. దానిలో ప్రధాన భాగం యూకలిప్టస్ తైలం; దానితో పాటు కర్పూరం, మెంథాల్, థైమాల్ కలవు. ఆ థైమాల్ అన్నదే మన వాము పువ్వు.

యునానీ వైద్యులు అర్ఖె అజీబ్ అని పిలిచే మందు ఇంకా చిత్రమైనది. అజ్వాయన్ సత్తు, పుదీనా సత్తు, కర్పూరం అనే మూడు గట్టి పదార్థాలను ఒక సీసాలో వేసి మూత బిగిస్తే, నిప్పు లేకుండానే, నీరు చేర్చకుండానే అవి కరిగి ద్రవమవుతాయి. అందుకే అది అజీబ్, అనగా విచిత్రం. రసాయన శాస్త్రం దీనికి కారణం చెబుతుంది. విడిగా ఉన్నప్పుడు థైమాల్ సుమారు 50 డిగ్రీల సెల్సియస్ వద్ద, మెంథాల్ సుమారు 42 డిగ్రీల వద్ద కరుగుతాయి. కర్పూరానికి 175 డిగ్రీలు దాటాలి. కలిసినప్పుడు ఒకదాని అణువులు మరొకదాని స్ఫటికపు కూర్పును చెడగొట్టడం వల్ల ఆ మిశ్రమం గది వేడిలోనే ద్రవంగా ఉంటుంది.

వాము పువ్వు కథ

వాము గింజలో నూటికి 2 నుంచి 4 పాళ్ళు ఆవిరి తైలం ఉంటుంది. ఆ తైలంలో ఇంచుమించు సగం థైమాల్. ఐరోపాలో దీనిని మొదట వేరుచేసినవాడు బెర్లిన్ రసాయనవేత్త కాస్పర్ నాయ్‌మన్. ఆయన 1719లో థైమ్ అనే వారి వంటింటి ఆకు నుంచి దీనిని తీశాడు. మన వాములో ఉన్నదీ అదే పదార్థమని 1850ల మధ్యలో తేలింది. మన బజారులో మాత్రం వాము పువ్వును తెల్లని స్ఫటికాల రూపంలో అంతకు ముందే ఎరుగుదురు.

జోసెఫ్ లిస్టర్ 1867లో కార్బాలిక్ ఆమ్లంతో శస్త్రచికిత్స గాయాలు చీము పట్టకుండా కాపాడవచ్చునని చూపించాడు. ఆ కార్బాలిక్ ఆమ్లమే ఫినాల్. థైమాల్ కూడా ఫినాల్ జాతిదే. క్రిములపై దానికంటే తీవ్రం, చర్మంపై దానికంటే సౌమ్యం. కనుక ఆ కాలపు వైద్యులు దీనిని ఆసక్తితో అందుకున్నారు. లిస్టర్ పేరు పెట్టుకుని 1879లో అమెరికాలో పుట్టిన నోరు పుక్కిలించే మందులో థైమాల్ నేటికీ ఉన్నది. 1909 నుంచి 1914 దాకా అమెరికా దక్షిణ రాష్ట్రాలలో రాక్‌ఫెల్లర్ సంస్థ కొంకిపురుగు వ్యాధిపై నడిపిన పెద్ద ఉద్యమంలో రోగులకు ఇచ్చిన మందు థైమాలే.

ఆ థైమాల్‌లో అధికభాగం భారతదేశపు వాము నుంచి వచ్చేది. గింజ ఇక్కడిది, బట్టీ జర్మనీది. మన రైతు బస్తాల లెక్కన గింజను అమ్మేవాడు, జర్మనీ కర్మాగారాలు తైలం తీసి స్ఫటికాలు చేసి ప్రపంచానికి అమ్మేవి. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే ఆ దారి మూసుకుపోయింది. థైమాల్ ధర ఆకాశాన్ని అంటింది. అప్పుడు గాని ఈ గింజ నుంచి ఇక్కడనే థైమాల్ తీయవచ్చునన్న ఆలోచన ప్రభుత్వానికి రాలేదు. మన అత్తార్లకు తెలిసిన విద్య మన పాలకులకు తెలియడానికి ఒక యుద్ధం కావలసి వచ్చింది.

కొంకిపురుగు చికిత్సలో థైమాల్ దోషాలు కూడా బయటపడ్డాయి. పురుగు చావడానికి గ్రాముల లెక్కన ఇవ్వవలసి వచ్చేది. ఆ మోతాదులో అది మనిషికీ విషమే. నూనెతో గాని మద్యంతో గాని కలిస్తే శరీరంలోనికి ఎక్కువగా ఇంకి ప్రమాదం తెస్తుందని రోగులను హెచ్చరించేవారు. కొన్ని మరణాలు కూడా సంభవించాయి. 1920ల నుంచి వేరే మందులు రాగా థైమాల్ వెనుకబడింది.

ఎట్లా చంపుతుంది, ఎంత చంపుతుంది

బాక్టీరియా ఒకే కణం గల జీవి. దాని చుట్టూ కొవ్వు పదార్థంతో ఏర్పడిన పలుచని పొర ఉంటుంది. థైమాల్ నీటిలో కరిగేది తక్కువ, లీటరుకు సుమారు ఒక గ్రాము మాత్రమే. కొవ్వులో బాగా కరుగుతుంది. కనుక అది ఆ పొరలోనికి చొచ్చుకుపోయి దాని బిగువును సడలిస్తుంది. లోపలి పొటాషియం మొదలైన లవణాలు బయటికి కారిపోతాయి, జీవికి శక్తినిచ్చే ఏర్పాటు కూలుతుంది, క్రిమి చస్తుంది. ప్రయోగశాలలో విరేచనాలు కలిగించే క్రిములపైనా, చీము పట్టించే క్రిములపైనా ఇది పని చేస్తుందని పలు పరిశోధనలు చూపించాయి. కొన్ని యాంటీబయాటిక్ మందులకు లొంగని క్రిములు కూడా గాజు పాత్రలో థైమాల్‌కు లొంగాయి.

ఈ చివరి మాటకు మన ప్రాంతంలో ప్రత్యేక ప్రాముఖ్యం ఉన్నది. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో మందుల కర్మాగారాల మురుగును శుద్ధి చేసి వదలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నదని 2007లో ప్రచురితమైన ఒక స్వీడన్ పరిశోధన తెలిపింది. హైదరాబాదు మురుగును మోసుకొచ్చే మూసీ, నల్లగొండ ప్రాంతపు పొలాల మీదుగా పారి వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. మందులకు లొంగని క్రిములు ఎవరో దూరదేశపు సమస్య అనుకునే వీలు మనకు లేదు. పాత మూలికల వైపు శాస్త్రజ్ఞులు మళ్ళీ చూస్తున్నది ఇందువల్లనే.

కాని గాజు పాత్ర వేరు, మనిషి దేహం వేరు. ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. 5 గ్రాముల వాములో తైలం నూటికి 3 పాళ్ళు చొప్పున 150 మిల్లీగ్రాములు. అందులో థైమాల్ సగం అనుకుంటే 75 మిల్లీగ్రాములు. కాచేటప్పుడు ఆవిరితో పోయేది, గింజలో మిగిలిపోయేది లెక్కించకుండా అంతా ఒక గ్లాసు, అనగా 200 మిల్లీలీటర్ల, నీటిలోకి దిగిందనుకున్నా లీటరుకు 375 మిల్లీగ్రాముల చొప్పున అవుతుంది. క్రిముల పెరుగుదలను ఆపడానికి సామాన్యంగా లీటరుకు కొన్ని వందల మిల్లీగ్రాములు కావాలి. అంటే గ్లాసులో, నోటిలో, రోటిలో నూరిన పచ్చడిలో వాము క్రిములను కొంత అణచగలదు. తిండి త్వరగా చెడకుండా కాపాడగలదు. కాని అది తాగిన పెద్దమనిషి శరీరంలో ఉన్న సుమారు 40 లీటర్ల నీటిలో పరచుకుంటే లీటరుకు 2 మిల్లీగ్రాములు కూడా మిగలదు. పైగా పేగు, కాలేయం దానిని వెంటనే సల్ఫేటు మొదలైన రూపాలలోకి మార్చి మూత్రంలో పంపివేస్తాయి. రక్తంలోనికి పాకిన క్రిమిని వాము నీళ్ళు చంపలేవు.

అందువలన వాము వల్ల మేలు లేదని కాదు. కడుపుబ్బరానికి, అజీర్ణానికి, తిండికి రుచికి అది మంచిదే. కాని విరేచనాలతో వాడిపోతున్న పసివాడికి కావలసినది ముందు నీరు, ఉప్పు, చక్కెర. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరాలలో వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఆ ద్రావణంతోనే వేలాదిమందిని కలరా నుంచి కాపాడాడు. వాము నీళ్ళు తాగించాం గదా అని ఆ ద్రావణాన్ని, వైద్యుణ్ణి ఆలస్యం చేసే తల్లి తన ప్రేమతోనే బిడ్డకు ముప్పు తెస్తుంది.

ఒక పొరపాటు

ముందు చెప్పగలనన్న స్వానుభవం ఇది. సుమారు పదిహేనేళ్ళ క్రితం దేవరకొండ వైపు నుంచి ఒక ఉపాధ్యాయ మిత్రుడు తన తాతగారి బయాజ్ తెచ్చి ఇచ్చాడు. బయాజ్ అంటే హకీములు తమ యోగాలను వ్రాసిపెట్టుకునే నోటు పుస్తకం. శికస్తా దస్తూరి, ఉర్దూ నడుమ నడుమ ఉర్దూ లిపిలో తెలుగు మాటలు. దానిని తెలుగు చేసి చిన్న పుస్తకంగా వేయాలని ఆయన కోరిక.

ఒక పుటలో మూడు యోగాలు వరుసగా ఉన్నాయి. మొదటిది పిల్లల కడుపునొప్పికి అజ్వాయన్‌తో. రెండవది పంటినొప్పికి పొగ పట్టడానికి, బజ్రుల్ బంజ్ యానీ అజ్వాయనె ఖురాసానీతో. మూడవది పెద్దల కడుపునొప్పికి: పైన చెప్పిన అజ్వాయన్ ఒక తులం, నల్లుప్పు కొంచెం. పైన చెప్పినది అంటే ఏది? మదరసాలో నేర్చిన వ్యాకరణ సూత్రం నా చేతిలో సిద్ధంగా ఉన్నది: సర్వనామం అతి సమీపంలోని నామానికి చెందుతుంది. సమీపంలో ఉన్నది ఖురాసానీ. నేను మూడవ యోగంలో ఖురాసానీ వాము ఒక తులం అని వ్రాశాను.

ముద్రణకు పోయే ముందు కొన్ని మూలికల తెలుగు పేర్లు సరిచూసుకుందామని ఒక వృద్ధ అత్తారు వద్దకు ఆ కాగితాలు పట్టుకుని పోయాను. ఆయన అద్దాలు సవరించుకుని చదివి, ఆ పంక్తి వద్ద వేలు పెట్టి ఆగాడు.

"బేటా, ఇది ఎవరి కడుపులకు పోతది?"

"కడుపునొప్పి ఉన్నోళ్ళకు, చచా."

"నొప్పి పోతది. మనిషి గూడ పోతడు."

ఆయన లేచి రెండు డబ్బాల నుంచి రెండు చిటికెలు తీసి నా రెండు అరచేతులలో పోశాడు. "నలువు" అన్నాడు. ఒక చేతి నుంచి వాము వాసన గుప్పున వచ్చింది. రెండవ చేతి గింజలు బూడిద రంగువి, చిన్నవి. వాటికి ఆ వాసన లేదు. "పేరు అడుగకు, ముక్కును అడుగు" అన్నాడు ఆయన.

ఖురాసానీ వాముకు వాముతో పేరులో తప్ప చుట్టరికం లేదు. అది ఉమ్మెత్త కుటుంబపు మొక్క. దానిలో హయోసయమిన్, స్కోపాలమిన్ అనే తీవ్ర పదార్థాలు కలవు. మోతాదు మీరితే నోరు ఎండి, కంటిపాపలు విచ్చుకుని, మతి తప్పి, మరణం కూడా కలుగుతుంది. హకీములు దానిని శుద్ధి చేసి అతి స్వల్పంగా తూచి వాడతారు. తులం అంటే 11 గ్రాములకు పైమాట. ఆ బయాజ్ వ్రాసిన హకీముకు తన మాట స్పష్టమే: కడుపునొప్పికి తులం లెక్కన వాడేది మామూలు వాము తప్ప వేరొకటి కాజాలదని ఆయనకు తెలుసు. వ్యాకరణం నాకు తెలిసింది, గింజ తెలియలేదు.

ఆ పంక్తి దిద్దాను. ఆ తరువాత ఆ పుస్తకంలోని ప్రతి మూలికను దుకాణంలో చూసి, నలిపి, వాసన చూసిన పిమ్మటనే పేరు వ్రాశాను. రెండు పేర్లు మాత్రం చివరిదాకా తేలలేదు. వాటిని ఇస్తిఫాన్ మార్గంలో మూలంలో ఉన్నట్లే తెలుగు లిపిలో ఉంచి, తెలిసినవారు చెప్పగలరని క్రింద మనవి చేసుకున్నాను.

ముగింపు

ఆ అత్తారు నా చేతిలో నలిపించిన గింజ నుంచి వచ్చిన వాసన థైమాల్ వాసనే. క్రిమిని చంపేదీ, గింజను గుర్తుపట్టించేదీ ఒకే పదార్థం. మన పూర్వులకు ఆ పదార్థం పేరు తెలియదు, క్రిమి సంగతి తెలియదు. కాని వాసన తెలుసు, మోతాదు తెలుసు, ఏ గింజ ఏదో తెలుసు. మనకు పదార్థం పేరు, క్రిమి పేరు రెండూ తెలుసు, గింజనే మరచిపోతున్నాం.

ప్రతి వ్యాధికీ మందు ఉన్నదని దైవప్రవక్త (స) మనకు నేర్పారు. ఆ బోధను మనం రెండు విధాల అర్థం చేసుకోవచ్చును. మందు ఇప్పటికే మన పుస్తకాలలో ఉన్నది, ఇక వెదకనక్కరలేదు అని ఒక అర్థం. మందు ఉన్నది కనుక వెదకడం మన విధి అని రెండవ అర్థం. బాగ్దాదులోను, కుర్తుబాలోను, దారుష్షిఫాలోను శ్రమించినవారు రెండవ అర్థాన్ని పట్టుకున్నారు. అందుకే వారు వ్రాసినది వెయ్యేళ్ళ తరువాత కూడా మనకు పనికి వస్తున్నది.

మన జిల్లాలలోని పాత ఇళ్ళలో ఇంకా ఇట్టి బయాజులు పెట్టెలలో, అటకలపై ఉన్నాయి. వాటిని చెదలకు వదలవద్దని పాఠక మహాశయులకు నా మనవి. అట్లాగే వాటిని చూసి నేరుగా మందు కలుపుకోవద్దని కూడా అంతే గట్టిగా మనవి. చదవగలవాడికి, గింజను ఎరిగినవాడికి, నేటి వైద్యం చదివినవాడికి, ఈ ముగ్గురికీ చూపించిన తరువాతనే ఆ పుట నుంచి ఏదైనా నోటికి పోవాలి. సర్వజ్ఞుడు అల్లాహ్ ఒక్కడే.